గేరు పడకపోవడానికి ఒక లెక్కుంది: విడిభాగాలు కలవని సైకిళ్ల సంగతి

క్లుప్తంగా: క్లిక్కుకి షిఫ్టర్ (హ్యాండిల్ మీది గేర్ లివర్) ఎంత వైరు లాగుతుంది, ఆ లాగుడుకి డిరైలర్ (చైనుని పక్కకి జరిపే భాగం) ఎంత జరుగుతుంది, వెనక పళ్ల చక్రాల మధ్య ఎడం ఎంత. ఈ మూడూ కుదిరితేనే గేరు సరిగ్గా పడుతుంది. కుదరనప్పుడు స్క్రూలు ఎంత తిప్పినా ఒకచోట సర్దుకుని ఇంకోచోట చెడుతుంది. అయితే పార్టులు కలవలేదని పక్కన పెట్టేసిన సైకిళ్లలో అసలు తప్పు తుప్పు పట్టిన వైరుదో, డిరైలర్‌ని పట్టి ఉంచే హ్యాంగర్ వంగడందో అయ్యే అవకాశం తక్కువేమీ కాదు. ఏది ఏదో తేల్చుకోవాలంటే తప్పు ఏ గేర్లలో, ఏ దిశలో వస్తోందో చూడాలి.

ఉన్న సామానే బిగించడం

నెల్లూరు, ఒంగోలు వీధుల్లో కనిపించే మామూలు గేర్ సైకిళ్లు ప్రధానంగా రెండు రకాలు. ముందు 3, వెనక 6 చక్రాలున్న 18 గేర్లవి ఒకటి. ముందు 3, వెనక 7 ఉన్న 21 గేర్లవి ఇంకొకటి. కొన్నాళ్లకి వీటిలో షిఫ్టరో, డిరైలరో, ఫ్రీవీలు అనే వెనక పళ్ల చక్రాల గుత్తో పాడవుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఊళ్లో సైకిల్ షాపులు చాలావరకు గేర్లు లేని సైకిళ్ల మీద నిలబడినవి. ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, పెడళ్లు, మందపాటి చైను ఎప్పుడు అడిగినా దొరుకుతాయి. గేర్ల సామాను అలా కాదు. షాపులో ఉన్నదేదో బిగించాలి, లేదా నెల్లూరుకి 175 కిలోమీటర్ల అవతలి చెన్నై నుంచి తెప్పించాలి, లేదా ఆన్‌లైన్‌లో ఆర్డరు పెట్టాలి. ఆన్‌లైన్‌లో ‘అన్ని సైకిళ్లకీ సరిపోతుంది’ అని రాసి ఉన్న సామాను హ్యాండిల్‌కి బిగుస్తుంది, బోల్టు కూడా పడుతుంది. గేరు పడుతుందా అన్నది వేరే ప్రశ్న. అలా 6 చక్రాల ఫ్రీవీలుకి 7 క్లిక్కుల షిఫ్టర్, దానికి ఇంకో కంపెనీ డిరైలర్, మధ్యలో బ్రేకు వైరు తొడుగు ముక్క చేరతాయి. ఒక్కో పార్టు విడిగా చూస్తే బాగానే ఉంటుంది.

క్లిక్కు వెనకున్న లెక్క

ఒకప్పుడు గేర్ లివర్లకి క్లిక్కులుండేవి కావు. లివర్ ఎంత తోస్తే డిరైలర్ అంత జరిగేది, చైను సరిగ్గా కూర్చుందో లేదో తొక్కేవాడే చప్పుడు విని సర్దుకునేవాడు. దీన్ని ఫ్రిక్షన్ పద్ధతి అంటారు. 1984లో జపాన్ కంపెనీ షిమానో తన డ్యూరా-ఏస్ గేర్ల సెట్‌లో ఇండెక్స్ పద్ధతి తెచ్చాక క్లిక్కుకో గేరు అన్నది మామూలు విషయమైపోయింది. ఏటవాలుగా ఉన్న దారికి మెట్లు కట్టినట్టయింది. ఎక్కడం తేలికైంది కానీ మెట్టు ఎత్తు తేడా వస్తే కాలు తడబడక తప్పదు.

లెక్క చిన్నదే. షిఫ్టర్ క్లిక్కుకి లాగే వైరు పొడవుని డిరైలర్ నిష్పత్తితో గుణిస్తే, చైను పక్కకి ఎంత జరుగుతుందో వస్తుంది. అది వెనక చక్రాల ఎడానికి సమానంగా ఉండాలి. షిమానో పాత పద్ధతి డిరైలర్లలో ఈ నిష్పత్తి సుమారు 1.7. వైరు 1 మిల్లీమీటరు కదిలితే డిరైలర్ 1.7 మిల్లీమీటర్లు జరుగుతుందన్నమాట. వాళ్ల 7 స్పీడ్ (వెనక 7 చక్రాలకి చేసిన) షిఫ్టర్ క్లిక్కుకి దాదాపు 2.9 మి.మీ. లాగుతుంది, గుణిస్తే 4.9. చక్రాల ఎడం 5.0. కుదిరింది. 8 స్పీడ్‌లో లాగుడు 2.8, ఎడం 4.8. 9 స్పీడ్‌లో లాగుడు 2.5, ఎడం 4.35. ఇవీ కుదిరేవే.

ఇప్పుడు 7 చక్రాల ఫ్రీవీలుకి 8 స్పీడ్ షిఫ్టర్ పెట్టారనుకుందాం. ఒక్కో క్లిక్కుకి చైను 4.76 మి.మీ. జరుగుతుంది, జరగాల్సింది 5.0. తేడా పావు మిల్లీమీటరు కూడా లేదు. కానీ అది పోగవుతుంది. చిన్న చక్రం దగ్గర సరిగ్గా పెట్టి మొదలుపెడితే ఏడో చక్రం దగ్గరికి వచ్చేసరికి దాదాపు 1.4 మి.మీ. వెనకబడుతుంది. అదే నాలుగో చక్రం దగ్గర సరిచూసి బిగిస్తే రెండు చివర్లా 0.7 చొప్పున పంచుకుంటుంది. ఆ మాత్రం తేడాని డిరైలర్ పైకప్పీ (చైనుని నడిపే రెండు చిన్న కప్పీల్లో పైది) కొంతవరకు సర్దుతుంది, ఎందుకంటే షిమానో తరహా పైకప్పీకి పక్కలకి కొద్దిగా ఆడే వెసులుబాటు కావాలనే ఇచ్చారు. కప్పీలు కడిగి మళ్లీ పెట్టేటప్పుడు పైది కిందికి, కిందిది పైకి మారిపోతే ఈ వెసులుబాటు పోతుంది. అంతవరకూ నడిచిన జోడీ హఠాత్తుగా మొండికేయడానికి ఇదొక కారణం, పెద్దగా ఎవరూ పట్టించుకోనిది.

ఇదే ఫ్రీవీలుకి 9 స్పీడ్ షిఫ్టర్ పెడితే? క్లిక్కుకి 4.25 మాత్రమే. ఆరు క్లిక్కులకి 4.5 మి.మీ. తేడా, అంటే దాదాపు ఒక చక్రమంత దూరం. ఏ స్క్రూ తిప్పినా ఇది కుదరదు. 18 గేర్ల సైకిల్ సంగతీ చూడాలి. 6 చక్రాల ఫ్రీవీళ్లలో ఎడం దాదాపు 5.5 మి.మీ. ఉంటుంది. దానికి 7 స్పీడ్ షిఫ్టర్ పెడితే చివరికొచ్చేసరికి 2.8 మి.మీ. దాకా తేడా. మధ్యలో రెండు మూడు గేర్లు పడతాయి, మిగతావి గరగరలాడతాయి. అంకె ఒక్కటే కదా తేడా అని షాపుల్లో ఎక్కువగా జరిగే మార్పిడి ఇదే కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది.

డిరైలర్ వైపు తేడా వస్తే దెబ్బ ఇంకా పెద్దది. శ్రామ్ కంపెనీ పద్ధతిలో షిఫ్టర్ ఎక్కువ వైరు లాగుతుంది, డిరైలర్ తక్కువ జరుగుతుంది. 10 స్పీడ్‌లో ఆ లాగుడు 3.1 మి.మీ. దాన్ని 1.7 నిష్పత్తి ఉన్న షిమానో డిరైలర్‌కి తగిలిస్తే క్లిక్కుకి 5.3 మి.మీ. జరుగుతుంది. 10 స్పీడ్ చక్రాల ఎడం సుమారు 4. చైను చక్రాలు దాటేసి దూకుతుంది. ఒకే కంపెనీ పేరుంటే చాలనుకోవడానికీ లేదు. షిమానోలోనే కొండదారి సైకిళ్ల 10 స్పీడ్ డిరైలర్ల నిష్పత్తి సుమారు 1.2. దానికి అదే కంపెనీ పాత రోడ్ సైకిల్ 10 స్పీడ్ షిఫ్టర్ పెడితే దాని లాగుడు 2.3ని 1.2తో గుణించాలి, 2.8 కూడా రాదు. పేరు ఒకటే, పది అంకె ఒకటే, గేరు మాత్రం పడదు.

దీన్నిబట్టి తేలేది ఏమిటంటే వెనక ఎన్ని చక్రాలున్నాయో డిరైలర్‌కి సంబంధం లేదు, దానికి తెలిసింది నిష్పత్తి ఒక్కటే. అందుకే షిమానో 7 స్పీడ్ టోర్నీ డిరైలర్ 8 స్పీడ్ షిఫ్టర్, 8 స్పీడ్ చక్రాలతో నడుస్తుంది. అంకె కలవాల్సింది షిఫ్టర్‌కీ, వెనక చక్రాలకీ మధ్య.

లక్షణాన్ని బట్టి తప్పు పట్టుకోవడం

గేరు పడట్లేదు అన్న ఒక్క మాట కింద అయిదారు వేర్వేరు తప్పులుంటాయి. సైకిల్‌ని స్టాండు మీద ఎక్కించి, పెడల్ చేత్తో తిప్పుతూ ఒక్కో గేరూ మారుస్తూ పోతే అవి విడివిడిగా బయటపడతాయి.

అన్ని గేర్లలోనూ ఒకే రకంగా, ఒకే వైపుకి తేడా ఉంటే అది వైరు బిగువు సమస్య. పెద్ద చక్రం ఎక్కడానికి బద్ధకిస్తే వైరు లూజు, చిన్న చక్రానికి దిగడానికి బద్ధకిస్తే వైరు బిగువు ఎక్కువ. వైరు చివర చేత్తో తిప్పే అడ్జస్టర్‌ని పావు చుట్టు చొప్పున తిప్పి చూస్తే సరిపోతుంది.

ఒక చివర సరిగ్గా ఉండి, గేరు గేరుకీ తేడా పెరుగుతూ పోతే అది లెక్క తప్పు, అంటే పార్టులు కలవలేదు. అడ్జస్టర్ తిప్పితే తేడా పోదు, ఈ చివర నుంచి ఆ చివరకి మారుతుంది. ఒకే సైకిల్‌ని షాపుకి మళ్లీ మళ్లీ తీసుకెళ్లడం సాధారణంగా ఈ రకంలోనే జరుగుతుంది. మెకానిక్ రెండు గేర్లు సరిచేసి ఇస్తాడు, ఇంటికొచ్చేసరికి మిగతా రెండు పడవు.

పెద్ద చక్రాల వైపు బాగానే ఎక్కుతూ, దిగేటప్పుడు మాత్రం ఆలస్యంగా దిగితే వైరు తొడుగులో రాపిడి ఉన్నట్టు. ఎక్కించేది బొటనవేలి బలం, అది తుప్పుని కూడా లాగేస్తుంది. దించేది డిరైలర్ స్ప్రింగు ఒక్కటే, దానికి అంత బలం లేదు. ఈ లక్షణాన్ని చూసి వైరు బిగువు మారిస్తే దిగడం బాగుపడి ఎక్కడం చెడుతుంది, మళ్లీ మొదటికొస్తుంది.

ఒకే ఒక్క గేరులో చైను తుళ్లిపడితే ఆ చక్రం పళ్లు అరిగాయేమో చూడాలి. స్టాండు మీద చక్కగా ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు గట్టిగా తొక్కితే జారితే అది షిఫ్టర్ సమస్యే కాదు, చైను అరుగుదల. సైకిల్ వెనక చక్రమే సరిగ్గా తిరగకపోతే ఇరుసు వంగి ఉండవచ్చు. మరలు బిగించే ఫ్రీవీలు ఉన్న చక్రంలో కుడివైపు బేరింగు ఇరుసు చివరికి దూరంగా, లోపలే ఉండిపోతుంది. బరువు వేసి గుంతల్లో తోలితే వంగేది ఆ వైపే.

హెచ్, ఎల్ అని రాసున్న రెండు చిన్న స్క్రూల గురించి ఒక మాట. గేరు పడకపోతే ముందుగా అందరి చెయ్యీ వాటి మీదికే పోతుంది. అవి హద్దు రాళ్లు మాత్రమే. హెచ్ చిన్న చక్రం అవతలికీ, ఎల్ పెద్ద చక్రం అవతలికీ చైను పోకుండా ఆపుతాయి. మధ్య గేర్లతో వాటికి పని లేదు. ఎల్ స్క్రూని అజాగ్రత్తగా వదులు చేస్తే చైను చువ్వల్లో పడి డిరైలర్ చువ్వలకి చుట్టుకుంటుంది. మొత్తం సైకిల్‌లో ఖరీదైన ప్రమాదం ఇదే.

తొడుగు లోపల ఏముంది

అరిగిపోయిన గేర్ వైరు తొడుగు ముక్క, బ్రేకు వైరు తొడుగు ముక్క పక్కపక్కన పెట్టి కోసిన చివర చూస్తే తేడా వెంటనే కనిపిస్తుంది. బ్రేకు తొడుగులో చదునైన ఇనుప పట్టీ స్ప్రింగులా చుట్టలు చుట్టుకుని ఉంటుంది. గేరు తొడుగులో సన్నటి తీగలు చాలా, పొడవునా ఒకదాని పక్కన ఒకటి నిలబడి చుట్టూ పేర్చినట్టు ఉంటాయి. బ్రేకు తొడుగు సాధారణంగా 5 మి.మీ. లావు, గేరుది 4.

స్ప్రింగులా చుట్టిన తొడుగు వైరు లాగినప్పుడు కొద్దిగా కుంగుతుంది, హ్యాండిల్ తిప్పితే పొడవు మారుతుంది. బ్రేకుకి అది లెక్కలోకి రాదు. క్లిక్కుకి 2.9 మి.మీ. మాత్రమే లాగే షిఫ్టర్‌కి అరమిల్లీమీటరు కుంగినా ఆరోవంతు పోయినట్టే. షాపులో గేరు తొడుగు లేదని బ్రేకు తొడుగు వేస్తే, సరిగ్గా జోడీ కుదిరిన పార్టులు కూడా కలవనట్టే ప్రవర్తిస్తాయి. దీనికి తిరగేసిన పని మాత్రం ఎప్పుడూ చేయకూడదు. బ్రేకుకి గేరు తొడుగు వేస్తే గట్టిగా బ్రేకు పట్టినప్పుడు ఆ నిలువు తీగలు పక్కలకి చీలి బయటికి వచ్చేస్తాయి, బ్రేకు ఉండదు.

ఈ జిల్లాల్లో వైరుకి ఇంకో శత్రువు గాలి. మైపాడు, కొత్తపట్నం వంటి తీరపు ఊళ్లలో, ఇసకపల్లి ఉప్పు కొటార్ల చుట్టుపక్కల, రొయ్యల చెరువు గట్ల మీద తిరిగే సైకిళ్లకి ఉప్పు తేమ ఏడాది పొడవునా తగులుతుంది. దానికి తోడు ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వెనక డిరైలర్‌లోకి వంపు తిరిగే చివరి తొడుగు ముక్కలో నీరు నిలుస్తుంది. చీమకుర్తి వైపు గ్రానైటు లారీలు తిరిగే దారుల్లో దుమ్ము చేరి ఆ తేమతో కలిసి గట్టిపడుతుంది. అందుకే సంక్రాంతి వేళకి మొండికేసిన గేరుకి ముందుగా చూడాల్సింది షిఫ్టర్ కాదు, ఆ ఆఖరి ముక్క. వైరు బోల్టు వదులు చేసి, తొడుగులో వైరుని రెండు వేళ్లతో ముందుకీ వెనక్కీ జరిపితే ఏ పట్టూ లేకుండా జారాలి. ఇసుక తగిలినట్టు గరగరలాడితే నూనె వేయడం కంటే తొడుగు, వైరు రెండూ మార్చడమే చవక. మార్చేటప్పుడు తొడుగు చివర నలగకుండా, చదునుగా కోయాలి. మామూలు పటకారుతో నొక్కి కోస్తే లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోతుంది, కొత్త వైరు మొదటి రోజు నుంచే పట్టేస్తుంది.

వంగిన హ్యాంగర్

డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న పలకే హ్యాంగర్. బస్సు మీద వేసిన సైకిల్ కుడివైపుకి పడినా, ఆటోలో ఇరికించినా, స్కూలు స్టాండులో వరసగా కూలినా మొదట వంగేది అదే. వెనక నుంచి చూస్తే డిరైలర్ రెండు కప్పీలూ, పైన ఉన్న చక్రమూ ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది కప్పీ చువ్వల వైపు ఒరిగి ఉంటే హ్యాంగర్ లోపలికి వంగినట్టే.

వంగిన హ్యాంగర్ లక్షణాలు పార్టులు కలవని సైకిల్ లక్షణాలని బాగా పోలి ఉంటాయి, ఎందుకంటే ఇక్కడ కూడా ఒక చివర సరిచేస్తే ఇంకో చివర చెడుతుంది. కాబట్టి షిఫ్టర్ మార్చడానికి డబ్బు పెట్టేముందు దీన్ని చూడటం తప్పనిసరి. కొలిచే పరికరం షాపుల్లో అరుదు. దానికి బదులుగా ఒక ఉపాయం ఉంది. డిరైలర్ విప్పి, 10 మి.మీ. ఇరుసు ఉన్న ఇంకో వెనక చక్రాన్ని ఆ రంధ్రంలోకి స్క్రూలా తిప్పి ఎక్కిస్తే, రెండు చక్రాలూ సమాంతరంగా ఉన్నాయో లేదో నాలుగువైపులా స్కేలుతో కొలవచ్చు. అయితే 10 మి.మీ. లావు, మరల మధ్య 1 మి.మీ. ఎడం (పిచ్) ఉన్న ఇరుసైతేనే ఎక్కుతుంది, బలవంతం చేస్తే మర పోతుంది. ఇనుప ఫ్రేముల హ్యాంగర్‌ని మెల్లగా వంచి సరిచేయవచ్చు. అల్యూమినియం ఫ్రేములకి ఉండే విప్పే రకం హ్యాంగర్ పదేపదే వంచితే విరుగుతుంది, మార్చడమే మేలు. అయితే ఆ ముక్క ఒక్కో ఫ్రేముకి ఒక్కో ఆకారంలో ఉంటుంది. పాతదాన్ని చేత్తో పట్టుకెళ్లి పోల్చి కొనాలి.

చైను, ఫ్రీవీలు

గేర్లు లేని సైకిల్ చైను లోపలి వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు, దాదాపు 3.2 మి.మీ. గేర్ సైకిల్ చైనుది 2.4. మొదటి రకాన్ని 7 చక్రాల ఫ్రీవీలు మీద వేస్తే అది పక్కకి వంగదు, పక్క చక్రానికి తగులుతూ తిరుగుతుంది. అదే 9 స్పీడ్ సన్న చైను అయితే 7 చక్రాల మీద చాలావరకు నడుస్తుంది. కొనేటప్పుడు ‘6/7/8 స్పీడ్’ అని రాసున్నది తీసుకుంటే ఈ గొడవే ఉండదు.

అరుగుదల కొలవడానికి అడుగు ఇనుప స్కేలు చాలు. చైనులో లంకెలు అర అంగుళం చొప్పున ఉంటాయి కాబట్టి కొత్త చైనులో ఒక రివెట్టు మధ్య నుంచి ఇరవై నాలుగో లంకె చివరి రివెట్టు మధ్యకి సరిగ్గా 12 అంగుళాలు రావాలి. ఆ రివెట్టు గీత దాటి అంగుళంలో పదహారో వంతు పోతే చైను మార్చాలి. ఎనిమిదో వంతు పోతే ఫ్రీవీలు పళ్లు కూడా ఆ చైనుకి తగ్గట్టు అరిగిపోయి ఉంటాయి. అప్పుడు చైను ఒక్కటే మారిస్తే కొత్త చైను పాత పళ్ల మీద దూకుతుంది. కొత్త చైను వేశాకే చెడింది కాబట్టి చైనే నకిలీదన్న అనుమానం ఇక్కడే పుడుతుంది.

ముందు గేర్లు

ముందు డిరైలర్‌లో చిక్కులు తక్కువ, ఎందుకంటే చవక రకాల్లో ఎడమ షిఫ్టర్ తరచూ క్లిక్కులు లేనిదో, సన్న క్లిక్కులు ఎక్కువగా ఉన్నదో అయి ఉంటుంది. చూడాల్సినవి మూడే. డిరైలర్ పంజరం పెద్ద చక్రం పళ్లకి 1 నుంచి 3 మి.మీ. పైన ఉండాలి, చైనుకి సమాంతరంగా ఉండాలి, వైరు పైనుంచి వస్తుందా కిందనుంచి వస్తుందా అన్నది ఫ్రేముతో కలవాలి. పెడళ్ల మధ్య ఇరుసు మార్చినప్పుడు పొడవైనది వేస్తే చక్రాలు బయటికి జరిగి పెద్ద చక్రం అందదు. ముందు పెద్దది, వెనక కూడా పెద్దది పెట్టి తొక్కితే వచ్చే గరగర మాత్రం లోపం కాదు. చాలా సైకిళ్లలో అది వస్తుంది.

ఏది మార్చాలి

పై పరీక్షలన్నీ అయ్యాక కూడా తేడా గేరు గేరుకీ పెరుగుతుంటే అప్పుడు పార్టుల మీదికి రావాలి. మార్చాల్సింది సాధారణంగా షిఫ్టర్. ఫ్రీవీలు మీద చక్రాలు లెక్కపెట్టి, అన్నే క్లిక్కులున్న షిఫ్టర్ తీసుకోవడం అన్నిటికంటే తక్కువ ఖర్చు. 6 చక్రాల సైకిల్‌కి 7 స్పీడ్ షిఫ్టర్ అప్పటికే కొనేసి ఉంటే, ఫ్రీవీలునే 7దిగా మార్చవచ్చు. మర ఒకటే కాబట్టి ఎక్కుతుంది. 7ది కొంచెం వెడల్పు, కాబట్టి చైను ఫ్రేముకి రాసుకోకుండా కుడివైపు సందు ఉందో లేదో ముందు చూడాలి.

8 స్పీడ్ షిఫ్టర్‌ని 7 చక్రాలకి సర్దుకుంటే మిగిలే ఆ ఒక్క క్లిక్కుని చిన్న చక్రం వైపు వదలాలి. అటు వైరు వదులవుతుంది, అంతే. పెద్ద చక్రం వైపు మిగిలితే ఎల్ స్క్రూ దగ్గర ఆగిపోయిన డిరైలర్‌ని వైరు ఇంకా లాగుతూనే ఉంటుంది. వైరో, షిఫ్టర్ లోపలి పళ్లో తెగుతాయి.

ఏ జోడీ దొరకని పాత సైకిళ్లకి క్లిక్కుల్లేని ఫ్రిక్షన్ లివర్ ఇప్పటికీ దొరుకుతోంది. దానికి ఎడంతోనూ నిష్పత్తితోనూ పేచీ లేదు, ఆరైనా తొమ్మిదైనా ఒకటే, లాగాల్సినంత వైరు లాగగలిగితే చాలు. పిల్లలకి అలవాటు కావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఎత్తు మీద గేరు మార్చేటప్పుడు చెవి పెట్టి వినాలి. షిఫ్టర్ కోసం షాపుకి వెళ్లేవాళ్లు సైకిల్ మోడల్ పేరు చెప్పడం కంటే మూడు ఫొటోలు తీసుకెళ్లడం నయం. వెనక చక్రాలు లెక్కపెట్టేంత దగ్గరగా ఒకటి, డిరైలర్ మీద అచ్చుపడిన అక్షరాలు, అంకెలు కనిపించేలా ఒకటి, పాత షిఫ్టర్‌ది ఒకటి.